మంచు దారిలో స్పోర్ట్స్ కారు: పట్టంతా టైరుదే

తెలుగులో ‘మంచు’ అన్నది ఒక్కటే మాట. తెల్లవారుజామున గడ్డిపరకల మీద మెరిసేదీ మంచే. సంక్రాంతి ముందు హైవే మీద ఎదుటి లారీని కప్పేసేదీ మంచే. హిమాలయాల్లో దూదిపింజల్లా రాలేదీ, రాలాక రాయిలా గడ్డకట్టేదీ మంచే. మన ఊళ్లలో రోజులు గడవడానికి ఈ ఒక్క మాట చాలు. చలిదేశంలో కారు నడిపేవారికి మాత్రం చాలదు. అప్పుడే రాలిన మెత్తని మంచు, బండ్లు తొక్కి తొక్కి గట్టిపడిన మంచు, సగం కరిగి బురదలా మారిన మంచు, తారు మీద అద్దంలా పరుచుకున్న గడ్డమంచు. ఈ నాలుగింటి మీద ఒకే కారు నాలుగు రకాలుగా ప్రవర్తిస్తుంది. చివరిదాన్ని అక్కడ ‘బ్లాక్ ఐస్’ అంటారు. అది పారదర్శకంగా ఉంటుంది కాబట్టి కింద ఉన్న నల్లని రోడ్డే కనిపిస్తుంది. తడిసిన రోడ్డు అనుకుంటాం. కారు జారాకే అసలు సంగతి తెలుస్తుంది.

ఈ గొడవంతా మనకెందుకు అనిపించవచ్చు. కానీ మన బ్యాంకు కుటుంబాల్లో ఎంతమంది పిల్లలు షికాగో, డెట్రాయిట్, మినియాపొలిస్, టొరంటో, మ్యూనిక్ వంటి చోట్ల చదువుకుంటున్నారో, ఉద్యోగాలు చేస్తున్నారో మనకు తెలుసు. చదువు పూర్తయి, మొదటి ఉద్యోగం వచ్చి, విద్యారుణం వాయిదాలు కాస్త తేలికయ్యాక చాలామంది కుర్రాళ్లు ముందు కొనేది కారే. అందులోనూ కొందరి మనసు ముస్టాంగ్ మీదో, టయోటా జీఆర్ 86 మీదో, సుబారు డబ్ల్యూఆర్ఎక్స్ మీదో ఉంటుంది. కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఫొటో వస్తుంది. మనం రంగు బాగుందంటాం, ఇంజను ఎంత అని అడుగుతాం, ధర అడుగుతాం. టైర్లు ఏవి అని అడిగేవాళ్లం తక్కువ. నిజానికి అక్టోబరు దాటితే అడగవలసిన మొదటి ప్రశ్న అదే. ఎందుకో ఈ వ్యాసంలో చూద్దాం.

పట్టు అనే ఖాతా

కారు ఎంత పెద్దదైనా నేలను తాకేది నాలుగు చోట్లే. ఒక్కో టైరు నేలకు ఆనే మేర సుమారు ఒక అరచేయంత ఉంటుంది. కారు బయలుదేరడం, ఆగడం, మలుపు తిరగడం అన్నీ ఆ నాలుగు అరచేతుల పట్టుతోనే జరగాలి.

మన భాషలో చెప్పుకుంటే ఈ పట్టు ఒక ఉమ్మడి ఖాతా. ఆక్సిలరేటరు, బ్రేకు, స్టీరింగు ముగ్గురు ఖాతాదారులు. ముగ్గురూ ఒకే నిల్వ నుంచి తీసుకోవాలి. పొడి రోడ్డు మీద నిల్వ ఎక్కువ కాబట్టి మలుపులో కాస్త బ్రేకు వేసినా చెల్లుతుంది. మంచు పడితే నిల్వ మూడో వంతుకో, ఏడో వంతుకో పడిపోతుంది. అప్పుడు బ్రేకు, స్టీరింగు ఒకేసారి చెక్కులు రాస్తే ఖాతాలో డబ్బుండదు. ఈ ఖాతాకు ఓవర్‌డ్రాఫ్టు సదుపాయం లేదు. చెక్కు తిరిగి రావడమే జారడం.

స్పోర్ట్స్ కారు శక్తి ఈ నిల్వను పెంచదు. ఇంజను బలం ఖర్చుపెట్టే తాహతు మాత్రమే. నిల్వ ఎంతో తేల్చేది టైరూ రోడ్డూ. రోడ్డు మన చేతిలో లేదు. టైరు ఉంది.

ఒక చిన్న లెక్క

హైస్కూలు భౌతికశాస్త్రం గుర్తున్నవారు ఈ లెక్క కాగితం మీద వేసి చూసుకోవచ్చు. బ్రేకు వేశాక కారు ఆగే దూరం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, ఘర్షణ గుణకాన్ని బట్టి తగ్గుతుంది. పొడి తారురోడ్డు మీద గుణకం సుమారు 0.7 అనుకుందాం. గట్టిపడిన మంచు మీద 0.2. గడ్డమంచు మీద 0.1.

గంటకు 50 కి.మీ. వేగంతో వెళుతూ బ్రేకు వేస్తే పొడి రోడ్డు మీద సుమారు 14 మీటర్లలో ఆగుతాం. గట్టిపడిన మంచు మీద 49 మీటర్లు కావాలి. గడ్డమంచు మీద 98 మీటర్లు. ఇది బ్రేకు పట్టాక దూరం. ప్రమాదాన్ని గుర్తించి కాలు బ్రేకు మీదకు వెళ్లేలోపు ఒక సెకను గడిస్తే మరో 14 మీటర్లు కలపాలి.

ఇప్పుడు అసలు సంగతి. మంచి వింటర్ టైరు వేసి గట్టిపడిన మంచు మీద గుణకాన్ని 0.2 నుంచి 0.3కు పెంచామనుకోండి. 49 మీటర్లు 33 మీటర్లవుతాయి. పదహారు మీటర్ల తేడాయే కదా అనిపిస్తుంది. కానీ రెండు కార్లు పక్కపక్కన ఒకేసారి బ్రేకు వేశాయనుకుంటే, వింటర్ టైర్ల కారు పూర్తిగా ఆగిన చోట రెండో కారు ఇంకా గంటకు 29 కి.మీ. వేగంతో దూసుకుపోతూ ఉంటుంది. అక్కడ రోడ్డు దాటుతున్న మనిషి ఉంటే ఆ తేడా ఎంతో వేరే చెప్పనక్కరలేదు.

మలుపుల లెక్కా ఇంతే. 50 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపును పొడి రోడ్డు మీద గంటకు 67 కి.మీ. వరకు తిరగవచ్చు. గట్టిపడిన మంచు మీద ఆ హద్దు 36. గడ్డమంచు మీద 25. నిన్నటి వరకు 50లో హాయిగా తిరిగిన మలుపు అదే. ఈ ఉదయం అదే 50లో వెళితే కారు ఎదుటి వరసలోకో, కాలువలోకో వెళుతుంది.

స్పోర్ట్స్ కారుకు అదనపు చిక్కులు

మంచు అన్ని కార్లకూ కష్టమే. స్పోర్ట్స్ కారుకు నాలుగు కారణాల వల్ల ఇంకాస్త కష్టం.

మొదటిది టైరు. చాలా స్పోర్ట్స్ కార్లు కంపెనీ నుంచే సమ్మర్ టైర్లతో వస్తాయి. వేడి రోడ్డు మీద అవి గొప్పగా పట్టుకుంటాయి, చలిలో గట్టిపడతాయి. రెండోది వెడల్పు. వెడల్పు టైరు మెత్తని మంచును చీల్చుకుని నేలను అందుకోలేక పైన తేలుతుంది. మూడోది ఎత్తు. ఈ కార్ల అడుగుభాగం నేలకు సుమారు 12 నుంచి 14 సెంటీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది. అంతకన్నా లోతు మంచులోకి వెళితే కారు కడుపు మంచు మీద ఆని చక్రాలు ఊరికే తిరుగుతాయి. నాలుగోది, ముస్టాంగ్, జీఆర్ 86 వంటివాటిలో వెనక చక్రాలు తిరిగితేనే కారు నడుస్తుంది. బరువైన ఇంజను మాత్రం ముందు ఉంటుంది. మంచు మీద ఆక్సిలరేటరు కాస్త గట్టిగా నొక్కితే చాలు, వెనక భాగం పక్కకు జారుతుంది.

అలాగని స్పోర్ట్స్ కారుతో శీతాకాలం గడపలేమని కాదు. మాంటీ కార్లో ర్యాలీ జనవరిలో ఆల్ప్స్ కొండల్లో జరుగుతుంది. ఒకే దారిలో ఒక మలుపు పొడిగా, తరువాతి మలుపు గడ్డమంచుతో ఉంటుంది. 1964లో ఆ ర్యాలీని గెలిచింది ప్యాడీ హాప్‌కిర్క్ నడిపిన చిన్న మినీ కూపర్ ఎస్. అంతకంటే ఎన్నో రెట్లు బలమైన ఇంజన్లున్న కార్లు దాని వెనక నిలిచాయి. ఆ ర్యాలీలో నేటికీ జట్లు ముందుగా మనుషులను పంపి ఎక్కడ మంచు ఉందో రాయించుకుంటాయి, దాన్ని బట్టి టైర్లు ఎంచుకుంటాయి. ప్రపంచంలోకెల్లా నేర్పరులైన డ్రైవర్లు కూడా నేర్పును నమ్ముకుని టైరును వదిలేయరు.

చలికి రబ్బరు ఏమవుతుంది?

మన వంటింట్లో నెయ్యి చూడండి. మే నెలలో కరిగి కారుతుంది, డిసెంబరులో పేరుకుని చెంచాకు లొంగదు. పదార్థం అదే, వేడి మారింది. టైరు రబ్బరూ అలాంటిదే. ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కిందికి పడితే సమ్మర్ టైరు రబ్బరు బిరుసెక్కుతుంది. రోడ్డులోని సన్నని ఎగుడుదిగుళ్లలోకి ఒదగలేదు. మంచు లేకపోయినా, రోడ్డు పొడిగా ఉన్నా పట్టు తగ్గుతుంది. కాబట్టి ‘ఇంకా మంచు పడలేదు కదా’ అని ఆగడం సరికాదు. చూడవలసింది థర్మామీటరు.

వింటర్ టైరు రబ్బరును చలిలోనూ మెత్తగా ఉండేలా తయారుచేస్తారు. దాని ఉపరితలం మీద లోతైన గాడులతో పాటు వేలకొద్దీ సన్నని గాట్లు ఉంటాయి. వీటిని ‘సైప్‌లు’ అంటారు. 1923లో అమెరికాలో పేటెంటు పొందిన జాన్ సైప్ పేరు మీదుగా ఆ మాట వచ్చింది. తడి నేల మీద జారకుండా చెప్పుల అడుగున సన్నగా గాట్లు పెట్టుకోవడంతో ఆయనకు ఈ ఆలోచన పుట్టిందని చెబుతారు. టైరు నేలకు ఆనినప్పుడు ఈ గాట్లు విచ్చుకుని ఎన్నో అంచులతో మంచును గీరుతాయి. గాడులు మంచును తమలో నింపుకుంటాయి. అది లోపమేమీ కాదు. రబ్బరు కంటే మంచే మంచును బాగా పట్టుకుంటుంది. పిల్లలు మంచు ముద్దలు చేసి ఆడుకోగలగడానికీ కారణం అదే.

ఈ విద్య కొత్తది కాదు. ఫిన్లాండులో 1934లోనే లారీల కోసం శీతాకాలపు టైరు తయారైంది. 1936లో కార్ల కోసం ‘హక్కాపెలీట్టా’ పేరుతో టైరు వచ్చింది. ఆ పేరుతో నేటికీ టైర్లు అమ్ముడవుతున్నాయి. తరువాతి దశాబ్దాల్లో ఇనుప మేకులున్న స్టడ్ టైర్లు వ్యాపించాయి. అవి గడ్డమంచును బాగా పట్టుకుంటాయి కానీ, మంచు లేని రోడ్డును చెక్కేస్తాయి. జపానులో ఆ దుమ్ము పెద్ద సమస్యయి 1990లో వాటిని అదుపు చేసే చట్టం వచ్చింది. అంతకు ముందే, 1988లో, బ్రిడ్జిస్టోన్ కంపెనీ ‘బ్లిజాక్’ పేరుతో మేకులు లేని వింటర్ టైరు తెచ్చింది. జర్మనీలోనూ స్టడ్ టైర్లకు అనుమతి లేదు. స్వీడన్, ఫిన్లాండు వంటి దేశాల్లో శీతాకాలంలో వాడవచ్చు. మీ పిల్లలున్న చోట నియమం ఏమిటో కనుక్కున్నాకే స్టడ్ టైర్ల గురించి ఆలోచించాలి.

మన పల్లెల్లో దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకు రబ్బరు చక్రాలు తీసి ఇనుప కేజ్ వీల్స్ బిగిస్తారు. ‘మన ట్రాక్టరు ఇంజను పెద్దది, మామూలు చక్రాలు చాలు’ అని ఏ రైతూ అనడు. పని అయ్యాక అవే చక్రాలతో తారురోడ్డు ఎక్కడు కూడా. నేలను బట్టి చక్రం మార్చడం మనకు తెలియని సంగతేమీ కాదు.

టైరు గోడ మీది రాత

టైరు పక్కన ఉండే రాతలు పాసుబుక్కు లాంటివి. చదవడం వస్తే మోసపోము.

గుర్తులు: ‘ఎం ప్లస్ ఎస్’ అంటే బురద, మంచు అని అర్థం. ఇది గాడుల తీరును బట్టి తయారీదారు తానే వేసుకునే గుర్తు. దీన్ని మాత్రమే చూసి నమ్మకూడదు. మూడు శిఖరాల కొండ బొమ్మ, దాని మధ్యలో మంచురేకు ఉంటే ఆ టైరు మంచు మీద పట్టు పరీక్షలో నెగ్గిందని అర్థం. 1999లో ఉత్తర అమెరికాలో మొదలైన ఈ గుర్తునే ఇప్పుడు యూరపులోనూ ప్రమాణంగా తీసుకుంటున్నారు. అమెరికాలో ‘ఆల్ సీజన్’ అని అమ్మే చాలా టైర్లకు ఈ కొండ గుర్తు ఉండదు. ‘ఆల్ వెదర్’ అన్న టైర్లకు సాధారణంగా ఉంటుంది. రెండు పేర్లూ ఒకేలా వినిపిస్తాయి. అందుకే పేరు వదిలేసి గుర్తు చూడాలి.

సైజు: 225/40 ఆర్ 18 అంటే టైరు వెడల్పు 225 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు వెడల్పులో 40 శాతం, రిమ్ము వ్యాసం 18 అంగుళాలు.

వయసు: ‘డాట్’ అన్న అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలుంటాయి. 3524 అంటే 2024వ సంవత్సరం 35వ వారంలో తయారైందని. సెకండ్ హ్యాండ్ టైర్లు కొనేవారు ముందు చూడవలసింది దీన్నే.

దిశ: కొన్ని టైర్ల మీద బాణం గుర్తు ఉంటుంది. చక్రం ముందుకు తిరిగేటప్పుడు ఆ బాణం వైపే తిరగాలి. బిగించాక ఒకసారి చూసుకోవాలి.

ఏ సైజు కొనాలి?

స్పోర్ట్స్ కారుకు శీతాకాలంలో ఒక అంగుళం, వీలైతే రెండు అంగుళాలు చిన్న రిమ్ము, దానికి తగ్గట్టు ఎత్తయిన పక్కగోడ ఉన్న టైరు మంచిది. చక్రం మొత్తం వ్యాసం మాత్రం మారకూడదు. మారితే స్పీడోమీటరు తప్పు చూపుతుంది.

పై ఉదాహరణే తీసుకుందాం. 225/40 ఆర్ 18 చక్రం మొత్తం వ్యాసం సుమారు 637 మిల్లీమీటర్లు. 225/45 ఆర్ 17 అయితే 634. 205/55 ఆర్ 16 అయితే 632. మూడూ దాదాపు సమానమే. మూడోది సన్నగా ఉండి మెత్తని మంచును చీల్చుకుని వెళుతుంది. పక్కగోడ ఎత్తుగా ఉంటుంది కాబట్టి మంచు కింద దాగిన గుంతలో పడినా రిమ్ము వంగే ప్రమాదం తక్కువ. చిన్న టైరు ధర కూడా సాధారణంగా తక్కువే. అయితే స్పోర్ట్స్ కార్లకు బ్రేకు డిస్కులు పెద్దవి. చిన్న రిమ్ము వాటికి తగలకుండా పడుతుందో లేదో కారు పుస్తకంలోనో, డీలరు దగ్గరో కనుక్కోవాలి. తయారీదారు అనుమతించిన సైజు దాటి పోకూడదు.

నాలుగు టైర్లూ ఒకే రకానివి వేయాలి. ఖర్చు తగ్గుతుందని రెండే వేస్తే అసలుకే మోసం వస్తుంది. ముందు మాత్రమే వేస్తే బ్రేకు వేసినప్పుడు పట్టు లేని వెనక భాగం తిరిగి ముందుకొస్తుంది. వెనక మాత్రమే వేస్తే కారు బయలుదేరుతుంది కానీ, స్టీరింగు మాట వినదు.

గాడుల లోతు కూడా ముఖ్యం. జర్మనీలో చట్టం ప్రకారం కనీసం 1.6 మిల్లీమీటర్లు చాలు. కానీ 4 మిల్లీమీటర్ల కంటే తగ్గాక మంచులో వింటర్ టైరు పని అయిపోయినట్టే. ఆస్ట్రియాలో ఆ 4 మిల్లీమీటర్లే చట్టం.

చట్టం, ఖర్చు

కెనడాలోని క్విబెక్ ప్రావిన్సులో డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు వింటర్ టైర్లు తప్పనిసరి. బ్రిటిష్ కొలంబియాలో కొండదారుల మీద అక్టోబరు 1 నుంచే నియమం మొదలవుతుంది. జర్మనీలో తేదీలు లేవు. రోడ్డు మీద మంచు ఉంటే వింటర్ టైర్లు ఉండాలి, లేకపోతే జరిమానా. అక్కడ 2024 అక్టోబరు 1 నుంచి కొండ గుర్తు ఉన్న టైర్లకే గుర్తింపు. అమెరికాలో రాష్ట్రానికో పద్ధతి. చాలా రాష్ట్రాల్లో మామూలు కార్లకు ఇది యజమాని విచక్షణకే వదిలేశారు. చట్టం అడగలేదని అవసరం లేకుండా పోదు.

ఖర్చు విషయానికి వస్తే, మరో నాలుగు టైర్లు అనగానే రెట్టింపు అనిపిస్తుంది. కానీ వింటర్ టైర్లు నడిచిన నెలల్లో సమ్మర్ టైర్లు అరగవు. రెండు జతలూ కలిసి ఎక్కువ ఏళ్లు వస్తాయి. అదనంగా పడేది ప్రధానంగా రెండో రిమ్ముల ధర, ఏటా రెండుసార్లు మార్చే కూలీ. రిమ్ములు వేరుగా ఉంటే ప్రతిసారీ టైరును ఊడదీసి ఎక్కించే పని తప్పుతుంది. కెనడాలోని ఒంటారియోలో 2016 జనవరి 1 నుంచి వింటర్ టైర్లు వేసుకున్నవారికి బీమా కంపెనీలు ప్రీమియంలో తగ్గింపు ఇవ్వాలి. పిల్లలు ఈ తగ్గింపు అడిగి తీసుకున్నారో లేదో బ్యాంకు ఇంటివాళ్లం మనమే గుర్తు చేయాలి.

ఎప్పుడు మార్చాలి? అక్టోబరు నుంచి ఈస్టరు వరకు అని జర్మన్లు ఒక కొండగుర్తు పెట్టుకుంటారు. మన క్యాలెండరులో దానికి సరిగ్గా సరిపోయే మాట ఉంది: దసరాకు వేసి ఉగాదికి తీయాలి. దసరాకు ఎలాగూ వాహనపూజ చేసి టైర్ల కింద నిమ్మకాయలు పెడతాం. ఆ వారమే టైర్లు మార్చుకుంటే మరిచిపోయే పని లేదు. చలి ఎక్కువగా ఉండే చోట తీయడం మరికొన్ని వారాలు ఆలస్యం చేయవచ్చు.

నడిపే తీరు

టైరు మంచిదైతే సగం పని అయినట్టు. మిగతా సగం కాలిలో, చేతిలో ఉంది.

బయలుదేరే ముందు కారు పైకప్పు, అద్దాలు, లైట్ల మీది మంచు అంతా దులపాలి. పైకప్పు మీద వదిలేస్తే బ్రేకు వేయగానే అది ముందు అద్దం మీదకు జారిపడి దారి కనపడదు.

ఆక్సిలరేటరు మీద కాలు మెల్లగా ఆనించాలి. మాన్యువల్ గేరు కారైతే రెండో గేరులో బయలుదేరితే చక్రాలు తక్కువగా జారతాయి. కారులో స్నో మోడ్ ఉంటే వాడాలి. స్పోర్ట్ మోడ్ జోలికి వెళ్లకూడదు. క్రూయిజ్ కంట్రోలు కట్టేయాలి.

బ్రేకు పని మలుపుకు ముందే, చక్రాలు నిటారుగా ఉన్నప్పుడే ముగించాలి. మలుపులో స్టీరింగు మాత్రమే. మలుపు దాటి చక్రాలు మళ్లీ నిటారయ్యాక ఆక్సిలరేటరు. ఖాతాలో నిల్వ తక్కువ కాబట్టి ఒక్కొక్కరు వంతులవారీగా తీసుకోవాలన్నమాట.

వెనక చక్రాలతో నడిచే కారులో ఉన్నట్టుండి కింది గేరుకు మార్చడం కూడా ప్రమాదమే. ఇంజను వెనక చక్రాలను పట్టి ఆపినట్టయి కారు తిరిగిపోతుంది.

ముందు బండికి, మనకు మధ్య దూరాన్ని సెకన్లలో కొలవాలి. మామూలు రోజుల్లో మూడు సెకన్లు ఉంచేవారు మంచులో ఎనిమిది నుంచి పది సెకన్లు ఉంచాలి. వంతెనల మీద ఇంకా జాగ్రత్త. కింద నుంచి కూడా చల్లగాలి తగులుతుంది కాబట్టి రోడ్డు కంటే ముందే వంతెన గడ్డకడుతుంది.

స్టీరింగు తిప్పినా కారు నేరుగా పోతుంటే ముందు చక్రాలు జారుతున్నాయని అర్థం. ఇంకా ఎక్కువ తిప్పకూడదు. ఆక్సిలరేటరు వదిలి, స్టీరింగు కొంచెం వెనక్కి తెస్తే పట్టు మళ్లీ దొరుకుతుంది. వెనక భాగం పక్కకు జారితే ఆక్సిలరేటరు మెల్లగా వదిలి, వెనక భాగం ఏ వైపు జారుతోందో ఆ వైపే స్టీరింగు తిప్పాలి. చూపు మాత్రం వెళ్లవలసిన దారి మీదే ఉండాలి. చెట్టును చూస్తే చెట్టు మీదకే వెళతాం.

అత్యవసరంగా ఆగాలంటే ఏబీఎస్ ఉన్న కారులో బ్రేకును గట్టిగా నొక్కి అలాగే పట్టుకోవాలి. కాలి కింద గరగరమని అదిరితే భయపడి వదలకూడదు. అది ఏబీఎస్ పని చేస్తున్న చప్పుడు. అయితే ఏబీఎస్ పట్టును సృష్టించలేదు. ఉన్న పట్టులో స్టీరింగు పనిచేసేలా చూస్తుంది, అంతే.

టైర్లలో గాలి కూడా చూడాలి. 30 డిగ్రీల ఉష్ణోగ్రత పడిపోతే గాలి ఒత్తిడి సుమారు 5 పీఎస్ఐ తగ్గుతుంది. సెప్టెంబరులో నింపిన గాలి జనవరికి చాలదు.

ఈ పాఠాలు నేర్చుకోవడానికి మంచి చోటు, అనుమతి ఉన్న ఖాళీ మైదానం. చాలా చలిదేశాల్లో శీతాకాలపు డ్రైవింగు శిక్షణ తరగతులు ఉంటాయి. మొదటి మంచు పడ్డ ఉదయమే హైవే ఎక్కి నేర్చుకోవడం కంటే ఆ ఫీజు కట్టడం మేలు.

మంచులో చిక్కుకుపోతే

చక్రాలు ఊరికే తిరుగుతుంటే ఇంకా గట్టిగా తొక్కకూడదు. గుంత లోతవుతుంది, అంతే. చక్రాల ముందు మంచు తవ్వి, ఇసుకో, కారు మ్యాటో వేసి మెల్లగా కదిలించాలి.

బయటపడే వీలు లేక కారులోనే ఆగవలసి వస్తే అన్నింటికంటే ముఖ్యమైన పని ఒకటుంది. వెనక పొగగొట్టం చుట్టూ మంచు తొలగించాలి. అది మూసుకుపోయి ఇంజను నడుస్తుంటే కార్బన్ మోనాక్సైడ్ కారులోకి చేరుతుంది. ఆ వాయువుకు రంగు, వాసన ఉండవు. నిద్ర ముంచుకొచ్చినట్టే ఉంటుంది. 2022 జనవరిలో పాకిస్తాన్‌లోని మర్రీ కొండపట్నం దగ్గర మంచులో కార్లు ఇరుక్కుపోయి 20 మందికి పైగా చనిపోయారు. కొందరు చలికి, కొందరు ఈ వాయువుకు బలయ్యారని అప్పటి వార్తలు. హీటరు కోసం ఇంజను కాసేపు వేసి ఆపుతూ ఉండాలి. వేసిన ప్రతిసారీ ముందు పొగగొట్టం చూడాలి, ఒక కిటికీ కొద్దిగా తెరిచి ఉంచాలి. పెట్రోలు ట్యాంకు ఎప్పుడూ సగానికి తగ్గకుండా ఉండాలి.

మన హిమాలయాల సంగతి

హిమాచల్, కశ్మీర్, లద్దాఖ్ శాఖలకు బదిలీ మీద వెళ్లేవారికీ, శీతాకాలం సెలవుల్లో ఎల్‌టీసీ మీద మనాలి, గుల్మార్గ్ వెళ్లేవారికీ ఒక మాట. మన దేశంలో మామూలు టైరు దుకాణాల్లో వింటర్ టైర్లు సులభంగా దొరకవు. అక్కడివారు మంచు పడితే చక్రాలకు గొలుసులు కడతారు. ఈ గొలుసులను ఇంజను తిప్పే చక్రాలకు కట్టాలి. మన చిన్న కార్లలో చాలావాటికి అవి ముందు చక్రాలు. గొలుసుల మీద గంటకు 30 నుంచి 40 కి.మీ. దాటకూడదు. మంచు లేని రోడ్డు రాగానే విప్పేయాలి.

2020 అక్టోబరు 3న ప్రారంభమైన అటల్ సొరంగం పొడవు 9.02 కి.మీ. లోపల పొడి రోడ్డు మీద వచ్చిన ధైర్యంతోనే అవతల లాహౌల్ వైపు బయటకు వస్తే గడ్డమంచు ఎదురుకావచ్చు. సొరంగం చివర రాకముందే వేగం తగ్గించుకోవాలి. సిమ్లా దారుల్లో ఎండ తగలని కొండ నీడ మలుపుల్లో మధ్యాహ్నం కూడా గడ్డమంచు కరగదు. ఎత్తు తక్కువ స్పోర్ట్స్ కారుతో అటు వెళ్లడం కంటే స్థానిక డ్రైవరు నడిపే బండి మాట్లాడుకోవడం మంచిది.

మన ఇళ్లలో వచ్చే ప్రశ్నలు

ప్రశ్న: మా అమ్మాయి కారు ఆల్ వీల్ డ్రైవ్. వింటర్ టైర్లు ఇంకా ఎందుకు?
జవాబు: నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందితే బయలుదేరడం సులభమవుతుంది. ఆగడానికి అది ఉపయోగపడదు. ప్రతి కారుకూ బ్రేకులు నాలుగు చక్రాలకే ఉంటాయి కదా. ఆల్ వీల్ డ్రైవ్ తేలికగా వేగం అందుకుంటుంది కాబట్టి రోడ్డు ఎంత జారుడుగా ఉందో తెలియకుండా పోతుంది.

ప్రశ్న: వింటర్ టైర్లే ఏడాదంతా ఉంచేస్తే మార్చే బాధ తప్పుతుంది కదా?
జవాబు: తప్పదు. ఆ మెత్తని రబ్బరు వేసవి రోడ్డు మీద త్వరగా అరిగిపోతుంది, వేడిలో బ్రేకు దూరం కూడా పెరుగుతుంది. మళ్లీ చలి వచ్చేసరికి గాడుల లోతు మిగలదు.

ప్రశ్న: కోడలి కాన్పుకు జనవరిలో వెళుతున్నాం. అక్కడ అద్దె కారు నడపవచ్చా?
జవాబు: మంచులో నడిపిన అలవాటు లేకపోతే వద్దు. తప్పనిసరైతే కారు తీసుకునేటప్పుడే టైరు మీద కొండ గుర్తు ఉందో లేదో చూడండి. ముందుగా అడిగితే కొన్ని చోట్ల వింటర్ టైర్లున్న కారు ఇస్తారు.

దసరాకు ఫోనులో అడగవలసినవి

1. నాలుగు టైర్ల మీదా కొండ, మంచురేకు గుర్తు ఉందా? నాలుగూ ఒకే రకమా?
2. గాడుల లోతు 4 మిల్లీమీటర్లకు పైనే ఉందా? తయారైన సంవత్సరం ఏది?
3. గాలి ఒత్తిడి చలిలో మళ్లీ చూశావా?
4. అద్దాలు కడిగే నీటికి బదులు గడ్డకట్టని ద్రవం పోయించావా? బ్యాటరీ పరీక్ష చేయించావా?
5. డిక్కీలో చిన్న పార, మంచు గీకే పలక, దుప్పటి, టార్చి, తాగే నీళ్లు, ఫోను ఛార్జరు ఉన్నాయా?
6. బీమా కంపెనీకి వింటర్ టైర్ల సంగతి చెప్పావా?

ఆరింటికీ సరైన జవాబు వచ్చినా ఒక మాట చెప్పి ఫోను పెట్టేయండి. తుపాను హెచ్చరిక ఉన్న రోజున కారు ఇంట్లోనే ఉంచమనండి. సెలవు పెడితే ఒక రోజు జీతం పోవచ్చు, ఆఫీసులో ఒక మాట పడవలసి రావచ్చు. రెండూ తరువాత సర్దుకునేవే.